అక్కయ్య మంచె, నా మంచె

ఆ రోజుల్లో ఆడదాని గొంతు వీధి గుమ్మం దాటకూడదనేవారు. గట్టిగా నవ్వితే తప్పు, గట్టిగా పిలిస్తే తప్పు, తుమ్ము వస్తే కూడా పైటచెంగు అడ్డం పెట్టుకుని వంటింటి మూలకి పోయి తుమ్మాలి. అంత కట్టడి ఉన్న ఇళ్ళలోనే, లంకల్లో జొన్నకంకి పాలు పోసుకునే వేళకి కోడళ్ళందర్నీ మంచెలెక్కించి, గోదావరి అవతలి ఒడ్డుకి వినపడేలా అరవమనేవారు. ఏడాదంతా నోరు మూసుకున్న బాకీ ఆ కొద్ది రోజుల్లో తీర్చేసుకునేవాళ్ళం. ఇప్పుడు కాలవలొచ్చి ఎటు చూసినా వరి చేలే అయిపోయాయి, మంచె ఎక్కిన కోడళ్ళూ తగ్గిపోయారు. తలుచుకుంటే నాకు మాత్రం ఇప్పటికీ చెవుల్లో ఆ కేకలే. (మనవడు అక్షరాలు దిద్దుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకున్న చదువు నాది. వంకరగా ఉన్నాయని ఎవరూ నవ్వకండి, చెప్పే సంగతి అంతకంటే వంకర.)

మాది కొత్తపేటకి దిగువన గౌతమి గట్టు మీద ఊరు. ఊళ్ళో ఇల్లు, ఏటి మధ్య లంకలో జొన్న చేను, మావగారికి ఒక పడవ. అత్తగారికి ఇద్దరు కొడుకులు. చిన్నాయన నా మొగుడు. పెద్దాయన, అంటే మా బావగారు, ధవళేశ్వరం దగ్గర దొరలు ఆనకట్ట కట్టిస్తున్నారని విని, వరద తియ్యగానే రాళ్ళ పడవల మీద పనికి పోయారు. ఆయన భార్య మా తోడికోడలు. నేను అక్కయ్యా అనేదాన్ని. నోటితో ఎంత మర్యాదగా అనేదాన్నో, మనసులో అంత కుళ్ళుకునేదాన్ని. ఏమిటీ లేదనకండి, లెక్క చెబుతాను. ఆవిడ జడ వేసుకుంటే పిక్కల దాకా వచ్చేది, నాది చెవి దాటి భుజం దగ్గర ఆగిపోయేది. ఆవిడ వండితే చేపల పులుసు, నేను వండితే చేపల నీళ్ళు. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. కానీ ఆవిడ అత్తగారికి స్వయానా అన్నగారి కూతురు! ఆవిడ "అత్తా" అని పిలవొచ్చు, నేను "అత్తయ్యగారండీ" అనాలి. అత్తగారు ఆవిణ్ణి "ఒసేయ్" అని పిలిచేవారు, నన్ను "అమ్మాయ్" అని. ఒసేయ్ అనిపించుకోవడానికి ఇంత ఏడవాలా అని మీరనుకుంటారు. అత్తారింట్లో ఏడాది పాటు అమ్మాయ్ అనిపించుకుని చూడండి, తెలుస్తుంది.

నేను కాపురానికి వచ్చి ఏడాది కావస్తున్నా మా అమ్మని చూడలేదు. పుట్టిల్లు ఆలమూరు దగ్గర, గోదావరి గట్టునే. గోదావరిలో ఏ కొయ్య కొట్టుకొచ్చినా అక్కడి మా రేవు దాటి వచ్చుంటుందని దానికేసి చూసేదాన్ని. అలాంటిది ఆ ఏడు జొన్న ఈనుతున్న రోజుల్లో మావగారు అన్నం దగ్గర కూర్చుని, ఆనకట్ట కూలీలకి అమ్మడానికి కొబ్బరికాయలూ పాత జొన్నలూ పడవకెత్తుతున్నానన్నారు. పడవ మా రేవు మీదుగా పోతుంది. నా చేతిలో గరిటె ఆగిపోయింది. పక్కకి చూస్తే అక్కయ్య చేతిలో మజ్జిగ ముంత కూడా ఆగిపోయి ఉంది. ఆవిడ మొగుడు ఆ ఆనకట్ట దగ్గరే ఉన్నాడు గదా.

అత్తగారికి మా చేతులు ఎందుకాగాయో చెప్పనక్కర్లేకపోయింది. "ఇద్దరూ ఎల్తే పశువులకి కుడితి ఎవరెడతారు? ఒకర్తే ఎల్లాలి" అన్నారు. కాసేపు ఆలోచించి, "చేను నడిమికి ఆవదం కొమ్మ పాతిస్తాను. ఎగువ సగం పెద్దదాని వంతు, దిగువ సగం చిన్నమ్మాయి వంతు. పడవ కదిలే నాటికి ఎవరి వంతు పిట్ట తినకుండా నిలబడితే ఆళ్ళు పడవెక్కండి. నాకు పెద్దదని లేదు, చిన్నదని లేదు. ఏమంటారు?" అని మావగారికేసి చూశారు.

"ఆయ్" అన్నారు మావగారు. ఆయన పెళ్ళైన దగ్గర్నుంచీ అన్నది అదొక్కటే అని మా ఊరి వాళ్ళు చెప్పుకునేవారు.

ఇక్కడ మా లంక పద్ధతి కొంచెం చెప్పాలి. లంకలో మంచెలన్నీ ఎగువ నుంచి దిగువకి ఒక వరసలో ఉండేవి. చిలకల దండు దిగిందంటే ఎగువ మంచె మనిషి ముందు కేక వెయ్యాలి. అవి లేచి పక్క చేను మీదికి వస్తాయి. వాలేలోపల ఆ మంచె మనిషి కేక అందుకోవాలి. అలా మంచె నుంచి మంచెకి తోలుకుంటూ పోతే చివరికి చిలకలు ఏరు దాటి అవతలి అడవిలోకి పోతాయి. మంచె ఎక్కిన మొదటి రోజున మావగారు నాకు పనిగట్టుకుని చెప్పారు. "పిట్టని తోలేది పొరుగోళ్ళ మీదకి కాదమ్మా, ఏటి మీదకి. ముందు ఎగువ మంచె, తరవాతే దిగువ మంచె. వరస తప్పకూడదు. ఆయ్." ఆయన నోట అన్ని మాటలు రావడం చూసి నేను ఆశ్చర్యపోతూ ఉండిపోయాను గానీ, ఆ మాటలు బుర్రకెక్కించుకోలేదు.

వరసలో ఆఖరి మంచె నాది, దాని పైది అక్కయ్యది. అంటే ఎక్కడెక్కడి పిట్టలూ ఆవిడ కేకకి లేచి నా నెత్తిన పడాలి. నాకందులో పెద్ద కుట్ర కనిపించింది. మేనకోడలికి ఎగువ మంచె ఎందుకిచ్చారు? నాకు ఆఖరిది ఎందుకిచ్చారు? పైగా ఆవిడ గొంతు! "హో...య్" అని ఆవిడ ఒక్క కేక తీసిందంటే పడవల మీద పోయేవాళ్ళు తెడ్డు ఆపి వినేవారు. నేను అరిస్తే పక్క చేలల్లో గేదెలు తలెత్తి చూసేవి. ఒడిసెల విసరడంలోనూ అంతే. ఆవిడ మట్టి ఉండ పెట్టి రెండు తిప్పులు తిప్పి వదిలితే అనుకున్న కంకి పక్కన పడేది. నేను వదిలిన మొట్టమొదటి ఉండ వెనక్కి పోయి, నా మంచెకే వేలాడదీసుకున్న అంబలి ముంతని పగలగొట్టింది. మధ్యాహ్నం అక్కయ్య తన ముంత పట్టుకొచ్చి, "ఉత్తినే మాడకే చెల్లీ, ఇది తాగు" అంది. తాగాను. ఆవిడ అంబలి నా అంబలి కంటే చిక్కగా ఉంది, నంజుకోవడానికి ఉల్లిపాయ కూడా ఉంది. తాగినంత సేపూ ఆ చిక్కదనం చూసి మండిపోయాను. (ఇద్దరికీ అత్తగారు ఒకే కుండలోంచి పోశారని నా మొగుడు తరవాత ఒట్టేసి చెప్పాడు. నేనిప్పటికీ నమ్మను.)

మర్నాటి నుంచి నేను వరస మార్చేశాను. అక్కయ్య కేక కోసం ఆగకుండా, చిలకలు ఇంకా ఆవిడ వంతు మీద తిరుగుతుండగానే నేను గొంతెత్తి అరిచేదాన్ని. అవి బెదిరి వెనక్కి, ఆవిడ వంతులోకే మళ్ళేవి. మొదటి పూట అక్కయ్య నేను కొత్తదాన్ని, తెలీక అరిచాననుకుంది. సాయంత్రానికి ఆవిడకి తెలిసిపోయింది. ఆ మర్నాడు ఆవిడ ఇత్తడి పళ్ళెం ఒకటి తెచ్చి చెక్కతో వాయించడం మొదలుపెట్టింది. నేను వెదురు బొంగు చీల్చి టపటపలాడించాను. ఆవిడ ఇటు తోలితే నేను అటు తోలాను. మా ఇద్దరి మధ్యా చిలకలు గోలగోలగా తిరుగుతుంటే, ఎగువ మంచెల వాళ్ళు తమ చేలు ఎన్నడూ ఇంత ప్రశాంతంగా లేవని సంతోషించి కునుకులు తీసేవారు. రాత్రి అన్నం దగ్గర మా ఇద్దరి గొంతులూ బొంగురుపోయి మాట వచ్చేది కాదు. నా మొగుడు తల ఎత్తకుండా, "మీ కేకలు ఊరందరికీ వినపడతన్నాయి, పిట్టలకి తప్ప" అన్నాడు. ఆ పూట ఆయనకి పులుసు పొయ్యడం మరిచిపోయాను.

అప్పుడే నాకు దిష్టిబొమ్మ ఆలోచన వచ్చింది. మామూలు బొమ్మలంటే పిట్టలకి లోకువ. నెత్తిన ఎక్కి రెట్ట వేస్తాయి. మా ఇంట్లో ఎవర్ని చూస్తే అందరూ బెదురుతారా అని ఆలోచించాను, ఎక్కువసేపు పట్టలేదు. అత్తగారు పాతబడిందని పక్కన పడేసిన ఎర్రంచు చీర ఉంది. ఎండుగడ్డి మనిషిని కట్టి, ఆ చీర కట్టి, బోర్లించిన కుండకి సున్నంతో కళ్ళు పెట్టి, ఒక చెయ్యి నడుం మీద పెట్టించాను. అచ్చం అత్తగారే. తీసుకెళ్ళి ఆవదం కొమ్మ పక్కన, అక్కయ్య వంతుకేసి చూసేలా నిలబెట్టాను. పిట్టల మాట ఏమో గానీ, ఆ సాయంత్రం మావగారు గట్టు వెంట వస్తూ బొమ్మని చూసి ఆగిపోయారు. భుజం మీద కండువా తీసి చంకలో పెట్టుకుని, "ఇంటికే వచ్చేత్తన్నానే, పడవ దగ్గర కొంచెం ఆలీసమైంది" అన్నారు. జవాబు రాకపోయేసరికి కాసేపు నిలబడి, "సరే అయితే" అని తల వంచుకుని పోయారు. ఆ రాత్రి ఇంట్లో అత్తగారు మామూలుగా మాట్లాడుతుంటే ఆయన ముఖంలో కనపడిన నిశ్చింత నేను ఎన్నటికీ మరిచిపోను.

మర్నాడు పొద్దున్న మంచె ఎక్కి చూద్దును గదా, గడ్డి అత్తగారు నాకేసి తిరిగి నిలబడి ఉన్నారు. అక్కయ్య తన మంచె మీద ఏమీ ఎరగనట్టు జడ అల్లుకుంటోంది. మధ్యాహ్నం నేను దిగి మళ్ళీ అటు తిప్పాను. సాయంత్రానికి ఇటు తిరిగారు. అలా ఆవిడ రోజూ అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. ఆ ఇంటికొచ్చాక అత్తగారి ముఖం నాకు కావలసిన వైపు తిప్పగలిగింది ఆ కొద్ది రోజులే, అందుకని నాకు ఆ పని ఇష్టంగానే ఉండేది.

పడవ కదలడానికి ముందురోజు అత్తగారు లంకకి వచ్చారు. ఎవరి వంతు నిలిచిందో చూడాలి, పైగా ఊచబియ్యం వేయించడానికి లేత కంకులు కావాలి. లంకలో ఒండ్రు బాగా పట్టేది చేను నడిమిన. ఏటేటా గట్టి కంకులు అక్కడే కాస్తాయి. ఆవిడ ముందు నా మంచె కింద చూసి తలూపారు. నా గుండె ఎగిరింది. రేపీపాటికి మా రేవు, మా అమ్మ! తరవాత అక్కయ్య మంచె కింద చూసి అక్కడా తలూపారు. నా గుండె జారింది. ఆ తరవాత ఆవిడ నిలువెత్తు జొన్నల్లోకి, నడిమికి నడిచి మాకు కనపడకుండా పోయారు. హఠాత్తుగా చేను మధ్యలోంచి చిలకలు, ఆకాశం పచ్చబడేటన్ని చిలకలు, గుంపుగా లేచాయి. వాటి వెనకాలే అత్తగారి గొంతు లేచింది.

"మీ తస్సాదియ్యా! దిగిరండే ఇద్దరూ!"

దిగి పరిగెత్తాం. నడిమిన కంకుల్లో గింజ లేదు. రోజూ అక్కడికొచ్చి బొమ్మ ముఖం తిప్పుకుపోవడమే గానీ, కంకులకేసి ఇద్దరం చూడనేలేదు. పెళ్ళి బంతి లేచిపోయిన తరవాత విస్తళ్ళలా ఒట్టి చొప్ప నిలబడి ఉంది. ఇటు నేను అరుస్తున్నాను, అటు అక్కయ్య అరుస్తోంది. రెండు వైపులా పోనివ్వకపోతే పిట్టలు పాపం ఎక్కడికి పోతాయి? నడిమిన దిగి, చక్కగా స్థిరపడి, మంచి కంకులన్నీ ఏరుకుని తిన్నాయి. ఆ శిథిలాల మధ్య అత్తగారు, ఆవిడ ఎదురుగా నడుం మీద చెయ్యి పెట్టుకుని గడ్డి అత్తగారు, ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు. గడ్డి అత్తగారి భుజం మీద ఒక చిలక ఇంకా తింటూనే ఉంది.

"ఈ నడిమి ఎవరు కాత్తన్నారు?" అన్నారు అత్తగారు.

"అది అక్కయ్య వంతండీ" అన్నాను నేను.

"అది చెల్లి వంతు అత్తా" అంది అక్కయ్య.

"అత్తా" వినగానే నాలో ఏదో తెగిపోయింది. "మీకేం అక్కయ్యా, మేనత్త ఇల్లు! మీరు ఎలా అరిచినా చెల్లుద్ది. నాకు ఇక్కడ ఎవరున్నారండీ? ఏడాదైంది మా అమ్మ ముఖం చూసి. ఆ పడవ మా రేవు మీదుగానే ఎల్తాది" అని బావురుమన్నాను.

అక్కయ్య కళ్ళు పెద్దవి చేసుకుని నన్ను చూసింది. "మేనత్త ఇల్లా? మేనత్తని చూసుకోడానికి కాపురానికొచ్చేనేటే నేను? నీ మొగుడు రోజూ నీ ఎదురుగా కూకుని అన్నం తింటాడు. నువ్వు పులుసు పొయ్యకపోయినా నవ్వుతాడు. అది చూడలేక నేను దొడ్లోకి ఎల్లి తింటన్నాను, తెలుసా నీకు? వరద తీసిన కాణ్ణించీ ఆ మనిషి ఉన్నాడో లేడో కబురు లేదు." అలా అని పైటచెంగు నోట్లో కుక్కుకుంది.

నిజం చెప్పొద్దూ, నాకు ముందు కలిగింది జాలి కాదు. గర్వం. అంత జడ, అంత గొంతు ఉన్న మనిషి నన్ను చూసి ఇన్నాళ్ళూ కుళ్ళుకుందా అని లోపల పొంగిపోయాను. జాలి ఆ తరవాత వచ్చింది. వచ్చాక మాత్రం ఆగలేదు. ఇద్దరం ఆ చొప్ప మధ్య నిలబడి ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడ్చాం.

అత్తగారు అంతా విన్నారు. చిలకని తోలారు. దిష్టిబొమ్మ ఒంటి మీది చీర విప్పి, దులిపి, మడిచి చంకలో పెట్టుకున్నారు. "మీ ఇద్దరూ ఎల్లక్కర్లేదు, నేనే ఎల్తాను" అన్నారు. "కోత దాకా మిగిలింది కాయండి. ఒకే మంచె మీద కూకోండి. వరస తప్పేరంటే ఇద్దర్నీ ఈ బొమ్మ పక్కన పాతేత్తాను."

మర్నాడు పడవ కదిలింది. అత్తగారు ముందు కొస మీద కూర్చుని వెనక్కి తిరిగి చూడలేదు. మేమిద్దరం అక్కయ్య మంచె మీద కూర్చుని తెరచాప కనపడినంత మేరా చూశాం. ఆ తరవాత పిట్టలు రావడం, ఆవిడ ముందు అరవడం, నేను దిగి నా వైపుకి పరిగెత్తి అందుకోవడం. మావగారు చెప్పిన వరసలో అరిచేసరికి చిలకలు నేరుగా ఏరు దాటి పోయాయి. ఇంత తేలికా అని నాకు సిగ్గేసింది. మధ్యాహ్నాలు ఒకే ముంతలో అంబలి తాగేవాళ్ళం. అది అంత చిక్కగా ఎప్పుడూ లేదు.

పడవ తిరిగి వచ్చిన రోజు రేవుకి ఇద్దరం పరిగెత్తాం. ముందు అత్తగారు దిగారు. ఆవిడ వెనకాల, ఎండకి నల్లబడి, గెడ్డం పెంచుకుని బావగారు. ఆయన వెనకాల పడవ అంచు పట్టుకుని భయం భయంగా మా అమ్మ! అత్తగారు ఇద్దర్నీ మూటలు దించినట్టు గట్టున దించి, "ఎవరిది ఆళ్ళు తీసుకుపోండి" అని ఇంటికేసి నడిచారు. నాలుగడుగులు వేసి, నాకేసి తిరిగి, "ఒసేయ్, మీ అమ్మకి కాళ్ళకి నీళ్ళియ్యవే" అన్నారు. ఒసేయ్! అమ్మని చూసిన ఆనందంలో కూడా నేను పక్కకి తిరిగి అక్కయ్య వింటోందో లేదో చూసుకున్నాను. ఆవిడ బావగారి గెడ్డం చూస్తూ ఈ లోకంలో లేదు.

అంతటితో కుళ్ళు వదిలిందనుకుంటున్నారేమో. మా అమ్మ ఉన్న నాలుగు రోజులూ అక్కయ్య జడ చూసి మురిసిపోవడమే. నూనె రాయడం, చిక్కు తీయడం, "మా అమ్మాయికి ఈ పాటి జుత్తు ఉంటేనా" అనడం. నా అమ్మ, నా పడవలో వచ్చిన అమ్మ! నేను మళ్ళీ పులుసు పొయ్యడాలు మరిచిపోవడం మొదలెట్టాను.

ఆనకట్ట అయింది, కాలవలొచ్చాయి, జొన్న పోయి వరి వచ్చింది. అత్తమావలు పోయాక ఇల్లు రెండు వంతులైంది, వసారా మాత్రం ఒకటే. ఏటా కొత్త వరి కంకులు కోసుకొచ్చి కుచ్చులు అల్లి, పిచ్చుకలు తినడానికి వసారా చూరుకి కట్టడం మా వైపు ఆనవాయితీ. అక్కయ్య కుచ్చు ఆవిడ జడంత నున్నగా వచ్చేది. నాది చీపురులా నిక్కేది. పిచ్చుకలు ఎప్పుడూ ఆవిడ కుచ్చు మీదే ముందు వాలేవి. "చూసేరా అక్కయ్యా, వీటిక్కూడా మీరే లోకం" అని నేను మూతి తిప్పితే, "నీ కేకల సంగతి ఆటి తాతలు చెప్పుంటారే" అని నవ్వేది. ఒకప్పుడు ఆవిడ వైపు పిట్ట వాలటం లేదని ఏడ్చాను, తరవాత వాలుతోందని ఏడ్చాను.

కిందటేడు వానల్లో అక్కయ్య వెళ్ళిపోయింది. ఈ ఏడు రెండు కుచ్చులూ నేనే అల్లాను. ఒకే వరి పనలోంచి, ఒకే చేత్తో, రెండూ సమానంగా నిక్కేలా అల్లి, ఒకటి నా వైపు, ఒకటి ఆవిడ వైపు కట్టి, కుక్కి మంచం మీద కూర్చుని చూశాను. పిచ్చుకలు వచ్చాయి. వచ్చి, నా కుచ్చు మీదుగా ఎగురుకుంటూ పోయి, ఆవిడ వైపు కుచ్చు మీద వాలాయి. నా ఒళ్ళు మండింది. "హోయ్" అన్నాను. ఆ గొంతు ఇప్పుడెక్కడిది, నాకే సరిగ్గా వినపడలేదు. ఒక పిచ్చుక తల తిప్పి నాకేసి చూసి, మళ్ళీ తినడంలో పడింది. సరేలే, తిననీ అనుకున్నాను. ముందు ఎగువ మంచె, తరవాతే దిగువ మంచె. వరసలో ఆవిడే ముందు, నేను ఆఖరు.